హాఫ్ షటర్

ముప్పై మూడేండ్లకు మా క్యాసెట్టు
పళ్లెమంత రికార్డయి వచ్చింది.
పెట్టె మీద ఏదో చలిదేశం స్టాంపులు.
నీలం రికార్డు. ఎండకు పట్టి చూస్తే
గుదైబియా సందంతా నీలంగ కనబడ్డది.

అట్ట మీద ముగ్గురం, ఓదెలు, రోవెనా, నేను.
వెనక సగం దించిన షటరు.
తీసినోడు పాస్‌పోర్టు ఫోటోల ఖాసిం,
అందుకే అందరి చెవులు రెండూ కనబడుతయి.

రేడియో రిపేరు దుకాణం అబ్బాస్ సాబ్‌ది.
రాత్రి పదకొండు దాటినంక మాది.
బాగుచెయ్యమని ఇచ్చి మళ్ల రాని మనిషిది ఆ కీబోర్డు,
రసీదు ఇంక దానికే కట్టి ఉండె, నాలుగు వందల పన్నెండు.
అన్ని మెట్లు పలికేటియి, ఒక్క 'ని' తప్ప.
కింది ని, మీది ని, అన్నీ సచ్చినయి.
పార్టు జపాన్ నుంచి రావాలె, ఇద్దరి నెల జీతం.

ఓదెలు రాయికల్ల చిరుతల భజనకు హార్మోనియం పట్టినోడు.
"పండ్లూడినోడు పాడడా" అన్నడు.
తడి సిమెంటు పక్కనుంచి నడిచినట్టు
ప్రతి పాటనూ ని తొక్కకుంట కట్టిండు.

కిటికీల తుప్పు ఏసీ ఉండె.
ఒకనాడు స్క్రూడ్రైవర్ పక్కకు పెట్టి
చెవి ఒగ్గి విన్నడు ఓదెలు.
"ఇగో, ఇది మోగేది ని."
కీబోర్డును ఏసీకి శ్రుతి చేసినం.
అది ఆగితే మేం ఆగేటోళ్లం.
కంప్రెసరు తన్నుకోని లేచినంక
రోవెనా మళ్ల అందుకునేది,
టైలరు దుకాణంల కాజాలు కుట్టిన వేళ్లతో
తొడ మీద తాళం ఏసుకుంట,
సగం తగలోగు, సగం మేం నేర్పిన తెలుగు.
'పొద్దు' అనరాదు ఆమెకు, 'పొదు' అనేది.
గట్లనే ఉంచినం.

ఎనభై క్యాసెట్లు చేసి బ్యాటరీల పక్కన పెడితే
పదకొండు అమ్ముడుపోయినయి.
ఒకటి అబ్బాస్ సాబే కొన్నడు, పైసలిచ్చి.
ఆయనకు ముందే తెలుసని అప్పుడు తెలిసింది.
ఒకటి ఓడ సరంగు పట్టుకపోయిండు,
అదే తిరిగి తిరిగి ఈ కంపెనీ చేతుల పడ్డదట.
రోవెనా ఎక్కడున్నదో వాళ్లకూ తెల్వదు,
ఆమె వంతు పైసలు పక్కకు పెట్టిన్రట.

లోపలి పుస్తకంల ఒక పెద్దమనిషి రాసిండు,
"నిషాదాన్ని త్యజించిన ఈ స్వరసంచారంలో
ఎడారి వైరాగ్యం వినిపిస్తుంది."
పార్టు రాలేదు సారూ.
ఇంకో పేజీల,
"పాత టేపులోని రొదను పూర్తిగా తొలగించాం."

పిన్ను పెట్టిన.
రోవెనా గొంతు కడిగిన గ్లాసు లెక్కున్నది.
నా డ్రమ్ మెషీను ఎడమ చెవిల ఒకటి, కుడి చెవిల ఒకటి.
అంతా మంచిగనే ఉన్నది. కూసోబుద్ది కాలే.

ఫోన్ల రికార్డు చేసి ఓదెలుకు పంపిన.
మెట్‌పల్లిల పెండ్లిండ్లకు సౌండు బాక్సులు కిరాయికిస్తడు ఇప్పుడు.
రెండు నిమిషాలు కాలే, ఫోను.
"బాగనే ఉన్నది గని, ని ఏదిరా?"

నా గదిల ఏసీ కొత్తది, సప్పుడు చెయ్యది.
ప్లేయరు చంకన పెట్టుకోని సందు చివర
సిల్హెట్ షఫీకుల్ లాండ్రీకి పోయిన.
ఆయన కిటికీ ఏసీ ఇంక బతికే ఉన్నది.
ఎవలియో తోబులు జరిపి
ఇస్త్రీ బల్ల మీద జాగ ఇచ్చిండు.
ఏం సంగతని అడగలే.
ఫోన్ల ఓదెలును స్పీకరు మీద పెట్టిన.

మొదటి పాట మొదలైంది.
ఏసీ కలిసింది, కలువలే.
పావు మెట్టు కిందికి పలుకుతున్నది.
షఫీకుల్ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి చూస్తున్నడు.
మెట్‌పల్లిల ఎవరో కుక్కర్ దించిన సప్పుడు.

ఓదెలు గొంతు సవరించుకున్నడు.
"ఏసీని ఏం చెయ్యలేవు. రికార్డు అంచుకు
వేలు ఆనించు, మెల్లగ.
ఇంకొంచెం.
ఆ…
గంతే. వేలు తియ్యకు."